కొత్త తొట్టికి పాత తోడు

హాస్టలు గదిలోనో, డిపార్టుమెంటు వరండాలోనో కొత్తగా అక్వేరియం పెట్టినవారు చెప్పే మాట ఒకటే: "మొదటి వారం బాగానే తిరిగాయండీ, ఆ తర్వాత ఒక్కొక్కటే తేలిపోయాయి." నింద చేపలమ్మిన దుకాణం మీదకు పోతుంది. జంతుశాస్త్ర విద్యార్థిగా నాకు తోచేదేమంటే, చాలాసార్లు తప్పు దుకాణానిదీ కాదు, చేపదీ కాదు. నీరు అద్దంలా ఉన్నంత మాత్రాన అది చేప బ్రతకదగ్గ నీరు కానక్కరలేదు.

చేప మొప్పల ద్వారా ఎడతెగకుండా అమ్మోనియాను విసర్జిస్తూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత కుళ్ళినా పుట్టేది అదే. చెరువులో అయితే దాని సంగతి చూసే సూక్ష్మజీవులు కోట్లకొలది ఉంటాయి. కొన్ని బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైట్‌గానూ, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మారుస్తాయి. మొదటి రెండూ విషాలే. నైట్రైట్ రక్తంలో చేరితే హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేదు. మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు, అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే సరిపోతుంది.

రెండో పని నైట్రోబాక్టర్‌ది అని మనమంతా చదువుకున్నాం. అక్వేరియంలలో ఆ పని ముఖ్యంగా నైట్రోస్పైరా చేస్తుందని 1998లో ప్రకటించారు. రెండు పనులూ ఒంటిచేత్తో చక్కబెట్టే నైట్రోస్పైరాలు కూడా ఉన్నాయని 2015లో తేలింది. పరీక్షలో ఏది రాయాలన్నది వేరే సంగతి!

ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో వాటంతట అవి స్థిరపడాలంటే సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు పోయేది సరిగ్గా ఈ సందులోనే. మరి ఉపాయం? పాలను వాటి మానాన వదిలేస్తే పెరుగవుతుందని ఎవరూ కూర్చోరు కదా, పక్కింటి నుంచైనా తోడు తెస్తారు. ఇక్కడా అంతే. బాగా నడుస్తున్న పాత తొట్టి నుంచి తోడు తేవాలి.

అయితే చాలామంది తెచ్చేది బకెట్టెడు పాత నీళ్ళు! ఆ బాక్టీరియా నీటిలో ఉండేది బహు స్వల్పం. అవి అంటిపెట్టుకుని ఉండేది ఫిల్టరు స్పాంజికి, ఆ తర్వాత గులకరాళ్ళకు. కనుక అడగవలసింది మురికిగా కనిపించే ఆ స్పాంజి ముక్కనే. మూడో వంతుకు మించి అడగరాదు, పాత తొట్టి చేపలకూ అది కావాలి. దానిని ఆ తొట్టి నీళ్ళలోనే తడిగా ఉంచి, వీలైనంత త్వరగా తెచ్చి కొత్త ఫిల్టరులో అమర్చాలి. ఎండిందా, పని అయిపోయినట్లే. కుళాయి కింద కడగడమూ అంతే, క్లోరిన్ వాటిని చంపేస్తుంది. కొత్త తొట్టిలో పోసే కుళాయి నీటి క్లోరిన్‌ను ముందే హైపోతో విరగ్గొట్టాలి. మన కెమిస్ట్రీ లేబొరేటరీ సోడియం థయోసల్ఫేట్ అదే.

తోడుతోపాటు తెగులూ వస్తుంది. తెల్లమచ్చల వ్యాధి ఈమధ్య కనిపించిన తొట్టి నుంచి ఎంత స్నేహితుడిచ్చినా పుచ్చుకోవద్దు.

స్పాంజి పెట్టి, చేపలను నెల తర్వాత తెద్దామనుకుంటే ఆ బాక్టీరియా పస్తులుంటాయి. అదే రోజు రెండు మూడు చిన్న చేపలను వదలాలి, మేత చిటికెడే వేయాలి, గాలి పంపు రాత్రిళ్ళు కూడా ఆపకూడదు. రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించాలి. ఏది కనిపించినా ఆ రోజే పావు వంతు నీరు మార్చాలి. వరుసగా వారం రోజులు రెండూ సున్నా వస్తే, అప్పుడు మరో రెండు చేపలు.