చిలకలపూడి నగలాంటి వంటగట్టు

మంగినపూడిలో తవ్వితే నల్లమట్టి, ఇసుక, ఉప్పునీరు తగులుతాయి గానీ రాయి తగలదు. డెల్టా దిగువంతా అంతే. ఘంటసాల స్తూపానికి చెక్కిన సున్నపురాయి కూడా బయటినుంచి తెచ్చుకున్నదే. ఇవాళ మన గట్టు మీదికొచ్చే రాయి ధరలోనూ లారీ కిరాయి కలిసే ఉంటుంది. అయితే బందరు పక్కనే చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఆ నగను కొనేటప్పుడు మెరుపు ఒక్కటే చూడం, చెమటకు నిలుస్తుందా అని అడుగుతాం. వంటగట్టుకు చెమటంటే చేపల పులుసు, ఉప్పుగాలి, పొయ్యి మీంచి దించిన మూకుడు.

1. రాయి పోలిక గట్టు వెతికేముందు అసలు రాయి ధర అడగండి. రాయిలా కనిపించే క్వార్ట్జ్ పలక మామూలు గ్రానైట్‌కంటే ఎక్కువ పలుకుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది "చవక" అనుకుని అటు వెళ్తారు. గట్టు వెడల్పు 2 అడుగులే కాబట్టి 10 అడుగుల గట్టుకు 20 చదరపు అడుగులు చాలు. పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలు ఉన్నాయేమో దుకాణంలో అడగండి. చీమకుర్తి నల్లరాయి ఒంగోలు మీదుగా 216 జాతీయ రహదారిన బందరు చేరగలదు. చదరపు అడుగు ధర విని నిర్ణయించకండి. అంచు గుండ్రం చేయడం, సింకు కోత, కిరాయి, కూలీ అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

2. నల్లరాయి కొంటే తెల్లగుడ్డను థిన్నర్‌లో ముంచి ఒక మూల గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే అది రంగు వేసిన రాయి.

3. పాలిష్ పెట్టిన కడప బండ దూరానికి గ్రానైట్‌లాగే ఉంటుంది, ధర బాగా తక్కువ. కానీ అది సున్నపురాయి జాతి. పులుపు దాన్ని తినేస్తుంది. మా ఇంట్లో నిమ్మకాయలు కోసి రాత్రంతా వదిలేసిన చోట పడ్డ తెల్లమచ్చలు ఎంత తోమినా పోలేదు. పైన కొబ్బరినూనె రాస్తే నలుపు తేలుతుంది, మచ్చ మాత్రం కిందే ఉంటుంది. గోంగూర, చింతపండు లేని రోజు ఉండని ఇళ్లకు ఇది పై పలకగా వద్దు. అడుగు పలకగా మాత్రం దీనికి సాటి లేదు, ఎందుకో 5లో చెబుతాను.

4. తక్కువ డబ్బుతో రాయి పోలిక కావాలంటే నా ఓటు విట్రిఫైడ్ టైల్‌కే. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే ఈ టైళ్లు నీటిని బరువులో అరశాతానికి మించి పీల్చవు. పులుపుకీ పసుపుకీ లొంగవు. కొనేటప్పుడు టైల్‌ను నిలబెట్టి అంచు చూడండి. పైనున్న రంగే లోపలిదాకా ఉంటే ఫుల్‌బాడీ. అది పెచ్చు ఊడినా కంటికి ఆనదు. పైన మాత్రమే రాతి బొమ్మ అచ్చయినదైతే ఒక్క గిన్నె జారి అంచుకు తగిలినా లోపలి తెలుపు బయటపడుతుంది. వీలైనంత పెద్ద సైజు తీసుకోండి, అతుకులు తగ్గుతాయి. ఆ అతుకుల్లో తెల్ల సిమెంటు పెట్టించకండి, నెల తిరక్కుండా పులుసు రంగుకు మారుతుంది. ఎపాక్సీ గ్రౌట్‌కు ఖర్చు ఎక్కువే, అయినా ఆ నాలుగు గీతల దగ్గర పొదుపు వద్దు. టైలు అతికించాక వేలి కణుపుతో కొట్టి వినండి. డొల్లగా మోగితే మేస్త్రి ఉండగానే తీయించి మళ్లీ వేయించండి. టైలు మీద కొబ్బరికాయ కొట్టడం, వెల్లుల్లి దంచడం కుదరదు. వాటికి ఒక గ్రానైట్ ముక్క విడిగా ఉంచుకోవాలి.

5. పైన ఏది వేసినా మన తీరంలో గట్టు చెడేది అడుగునుంచి. సిమెంటు పలక పోసేటప్పుడు బోరు ఉప్పునీళ్లు కలిపితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి సిమెంటును పగలగొడుతుంది, దాంతో పైనున్న అందమైన టైలూ చీలుతుంది. అప్పుడు టైలు మంచిది కాదని అంటాం! అందుకే ఇటుక గోడల మీద కడప బండ పరిచి, దానిమీద టైలు అతికించమనండి. ఇనుముతో పనే లేదు. బండ నున్నగా ఉంటే గంట్లు పెట్టించాలి, లేకపోతే టైలు పట్టు దొరకదు. మాలుకు మంచినీళ్లే వాడించండి. నల్లరేగడి ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బే నేల కాబట్టి, గట్టుకూ గోడకూ మధ్య సందులో సిమెంటు బదులు సిలికాన్ పెడితే ఆ కదలికకు కాస్త సాగుతుంది.

6. క్వార్ట్జ్ కొనగలిగితే చూపుకు బాగుంటుంది, మరక పట్టదు. కానీ అందులో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్. కాగిన మూకుడు నేరుగా దించితే మచ్చ పడుతుంది, కుదురు తప్పనిసరి. ఇంకో మాట, ఇది నాకు ముఖ్యం. దీన్ని పొడిగా కోస్తే లేచే ధూళి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. సిలికోసిస్ అనే ఆ జబ్బు వల్లే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ పలకలను నిషేధించింది. గ్రానైట్ ధూళీ మంచిది కాదు. మీ ఇంట్లో ఏ రాయి కోసినా నీళ్లు పోస్తూ కోయమనండి, కోసే కుర్రాడికి మంచి మాస్కు ఇవ్వండి.

7. చెక్కపొట్టు బోర్డు మీద సన్‌మైకా సింకు పక్కన వద్దు, తడికి ఉబ్బుతుంది. పాలరాయి స్టిక్కర్లు అద్దె ఇంటికి సరే, పొయ్యికి దూరంగా.

8. నిండు నలుపు, నిండు తెలుపు రెండూ మన ఉప్పునీటి చారలను చూపిస్తాయి. బూడిద, గోధుమ రంగుల్లో చుక్కలున్న డిజైన్ మేలు.

9. డబ్బు సరిపోకపోతే పొయ్యి, సింకు ఉన్నంత మేర గ్రానైట్, మిగతా గట్టుకు దానికి దగ్గర రంగు టైలు వేయించండి. రెండు టైళ్లు ఎక్కువ కొని అటక మీద దాచండి. ఒకటి పగిలిన రోజున అదే డిజైన్ బందరంతా తిరిగినా దొరక్కపోవచ్చు.