శిఖరమా? కనుమా?

పిల్లలూ! ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ కళ్లకు గంతలు కట్టి ఒక కొండ మీద ఎక్కడో నిలబెట్టారనుకోండి. మీరు కాలితో తడిమి చూశారు. తూర్పున పల్లం, పడమర పల్లం, ఉత్తరాన పల్లం, దక్షిణాన కూడా పల్లమే. మరి మీరు శిఖరం మీద ఉన్నట్లేనా?

"ఉన్నట్లే, ఇందులో సందేహమేముంది?" అంటారు మీలో చాలామంది. తొందరపడకండి. నా దగ్గర పదో తరగతి చదివి, తరువాత ఇంజనీరింగులో చేరిన ఒక అమ్మాయి కూడా అలాగే అనుకొంది. పరీక్షలో ఆ లెక్కకు సున్నా వచ్చింది. సెలవులకు వచ్చినప్పుడు ఆ కాగితం నా ముందు పెట్టి, "మాస్టారూ, లెక్కంతా సరిగానే చేశాను. ఇక ఈ గణితం నాకు రాదేమో!" అంది, కళ్లనీళ్లు పెట్టుకొని. ఆ లెక్క ఏమిటో, ఆమె ఎక్కడ పొరబడిందో తెలుసుకొందాం. కాలేజీలో 'అనేక చలరాశుల కలనగణితం' పేరు వినగానే మీరు భయపడకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది.

ఒక చలరాశి, రెండు చలరాశులు

రోడ్డు మీద నడిచేవాడికి ఉన్నవి రెండే దారులు: ముందుకు, వెనక్కు. రోడ్డు వాలు ఎంత అని అడిగితే ఒక్క సంఖ్య చెబితే చాలు. ఇంటర్మీడియట్‌లో మీరు నేర్చుకోబోయే అవకలనం ఇలాంటి వాలును కనుక్కొనే పద్ధతే.

కొండ సంగతి అలా కాదు. కొండ మీద ఒక చోటు చెప్పాలంటే తూర్పుకు ఎంత దూరం, ఉత్తరానికి ఎంత దూరం అని రెండు సంఖ్యలు కావాలి. ఆ చోటి ఎత్తు ఈ రెండింటి మీదా ఆధారపడుతుంది. మరి అక్కడ వాలు ఎంత? ఏ దిక్కుకు నడుస్తారో చెప్పనిదే ఈ ప్రశ్నకు జవాబు లేదు! తిరుమల కొండకు మెట్ల దారీ ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. ఎక్కేది ఒకే కొండ. మెట్లు నిటారుగా పోతాయి. రోడ్డు మెలికలు తిరుగుతూ, బస్సు ఎక్కగలిగినంత తక్కువ వాలున్న దిక్కునే ఎంచుకొంటూ పోతుంది.

ఒకదాన్ని కదలకుండా పట్టుకోండి

రెండు చలరాశులూ ఒకేసారి మారితే లెక్క చిక్కుపడుతుంది. అందుకే గణితవేత్తలు ఒక ఉపాయం పన్నారు. ఒకదాన్ని కదలకుండా ఉంచి, రెండోదాన్ని మాత్రమే మార్చి చూస్తారు. దీని పేరు పాక్షిక అవకలనం. పేరు పెద్దదే గాని పని చిన్నది.

పొడవు 10 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు ఉన్న గది తీసుకోండి. వైశాల్యం 60 చదరపు మీటర్లు. వెడల్పును అలాగే ఉంచి పొడవు 1 సెంటీమీటరు పెంచితే వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు పెరుగుతుంది. పొడవును అలాగే ఉంచి వెడల్పు 1 సెంటీమీటరు పెంచితే 1,000 పెరుగుతుంది. రెండూ పెంచితే? 1,600 అనుకొంటాం. గుణించి చూడండి, 1,601 వస్తుంది. ఆ ఒక్కటి ఎక్కడిది? గది మూలలో కొత్తగా చేరిన చిన్న చదరానిది.

ఇప్పుడు 1 సెంటీమీటరుకు బదులు 1 మిల్లీమీటరు పెంచండి. రెండు పెరుగుదలలూ కలిసి 160 చదరపు సెంటీమీటర్లు అవుతాయి. మూలలోని చదరం 0.01 మాత్రమే. మార్పు చిన్నదయ్యే కొద్దీ మూల చదరం లెక్కలోకి రాకుండా పోతుంది. కాబట్టి చిన్న మార్పులకు రెండు దిక్కుల ఫలితాలను విడివిడిగా కనుక్కొని కూడితే సరిపోతుంది. ఈ శాస్త్రమంతా నిలబడింది ఈ మాట మీదనే.

పాక్షిక అవకలనానికి గుర్తు వంకర తిరిగిన 'డి' అక్షరం. ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ 1786లో దాన్ని వాడాడు. 1841లో జర్మనీకి చెందిన జాకోబీ మళ్లీ చేపట్టిన తరువాత అది స్థిరపడింది.

అన్నింటికంటె నిటారైన దారి

కొండ మీద ఒక చోట తూర్పుకు 100 మీటర్లు నడిస్తే 3 మీటర్లు, ఉత్తరానికి 100 మీటర్లు నడిస్తే 4 మీటర్లు ఎక్కుతామనుకొందాం. అన్నింటికంటె నిటారుగా ఎక్కాలంటే ఎటు పోవాలి? 3 పాళ్లు తూర్పుకు, 4 పాళ్లు ఉత్తరానికి ఉండే ఏటవాలు దిక్కున పోవాలి. అలా 100 మీటర్లు నడిస్తే తూర్పుకు 60, ఉత్తరానికి 80 మీటర్లు జరుగుతాం. తూర్పు వల్ల 1.8, ఉత్తరం వల్ల 3.2, మొత్తం 5 మీటర్లు ఎక్కుతాం. 3, 4, 5! మీకు బాగా తెలిసిన పైథాగరస్ సిద్ధాంతం ఇక్కడికీ వచ్చిందన్నమాట. ఈ దిక్కును, ఈ వాలును కలిపి ప్రవణత అంటారు.

ఇప్పుడు తూర్పుకు 80, దక్షిణానికి 60 మీటర్లు జరిగేటట్లు నడవండి. తూర్పు వల్ల 2.4 మీటర్లు ఎక్కుతాం, దక్షిణం వల్ల 2.4 మీటర్లు దిగుతాం. ఎత్తు మారనే లేదు! ఈ దిక్కు ప్రవణతకు సరిగ్గా లంబంగా ఉంటుంది. ఇలా ఎత్తు మారని చోట్లను కలుపుతూ గీసేవే మీ భూగోళశాస్త్రంలోని సమోన్నత రేఖలు. 1774లో స్కాట్లండులోని షిహాలియన్ పర్వతాన్ని కొలిచి భూమి సాంద్రత కనుక్కొన్నప్పుడు, ఆ లెక్కలు కట్టిన చార్లెస్ హట్టన్ సమాన ఎత్తు గల చోట్లను రేఖలతో కలిపాడు.

వాన నీరు ప్రవణతకు ఎదురు దిక్కున, అన్నింటికంటె నిటారైన పల్లానికి పరుగెడుతుంది. "వాలుకు అడ్డంగా దున్నాలి" అని మెట్ట రైతుకు చెప్పేది ఇందుకే. చాళ్లు సమోన్నత రేఖల వెంట ఉంటే నీరు ఆగి ఇంకుతుంది. వాలు వెంట ఉంటే మట్టిని కోసుకొనిపోతుంది.

ఆ అమ్మాయి లెక్క

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఆమెకు ఇచ్చిన కొండ ఇది: తూర్పు దూరాన్ని ఉత్తరపు దూరంతో గుణించి, దానికి 4 రెట్లు చేసి, అందులోంచి ఆ రెండు దూరాల వర్గాలనూ తీసివేస్తే ఎత్తు వస్తుంది. పడమర, దక్షిణ దూరాలు ఋణ సంఖ్యలు. మధ్య బిందువు దగ్గర ఎత్తు సున్నా. అక్కడ రెండు దిక్కుల వాలూ సున్నాయే.

తూర్పుకు 1 జరగండి: ఎత్తు −1. ఉత్తరానికి 1 జరగండి: మళ్లీ −1. పడమర, దక్షిణాలకు కూడా అంతే. అది చూసి ఆమె "శిఖరం" అని రాసింది. కాని తూర్పుకు 1, ఉత్తరానికి 1 కలిపి, అంటే ఈశాన్యానికి జరగండి: 4 − 1 − 1 = 2. ఎత్తు పెరిగింది! నైరుతిలోనూ పెరుగుతుంది. ఆగ్నేయ, వాయవ్యాలలో −6. అది శిఖరం కాదు, కనుమ!

కనుమ అంటే మీకు తెలుసుగదా? రెండు కొండల నడుమ దారి. దాటిపోయే బాటసారికి అది ఎక్కవలసిన చోట్లలో ఎత్తైనది. కొండ కొమ్ము వెంట నడిచేవాడికి అదే పల్లం. గుర్రపు జీను ఆకారమూ ఇదే. కాబట్టి కళ్లకు గంతలు కట్టుకొన్న మీరు మూలలు తడమకుండా మాట చెప్పకూడదు.

అయితే లెక్కలేనన్ని దిక్కులున్నాయే, అన్నీ తడమాలా? అక్కరలేదు. ఇలాంటి లెక్కలో మూడు సంఖ్యలు చాలు: తూర్పు వైపు వంపు, ఉత్తరం వైపు వంపు, మూడోది మిశ్రమం. అంటే తూర్పుకు జరిగితే ఉత్తరపు వాలు ఎంత మారుతుందన్నది. ఇక్కడవి −2, −2, 4. మొదటి రెండింటి లబ్ధం 4, మూడోదాని వర్గం 16. వర్గమే పెద్దదైతే అది కనుమ. లబ్ధం పెద్దదై, వంపులు రెండూ ఋణమైతే శిఖరం. ఆ అమ్మాయి మూడో సంఖ్యను చూడలేదు, అంతే! ఆమెకు గణితం రాకపోవటం కాదు, రోడ్డు మీది అలవాటును కొండ మీదికి తీసుకొని పోయింది. ఈ మాట చెప్పి, ఒక కాగితాన్ని జీనులా వంచి చేతిలో పెట్టాను. కాసేపు తిప్పి తిప్పి చూసి నవ్వింది. అప్పటికప్పుడే మరో నాలుగు లెక్కలు చేసింది.

ప్రవణత వెంట అడుగడుగునా దిగుతూ కనిష్ఠాన్ని వెదకే పద్ధతిని ఫ్రెంచి గణితవేత్త కోషీ 1847లో ప్రకటించాడు. ఇవాళ కంప్యూటర్లకు బొమ్మలు గుర్తుపట్టటం, మాటలు అర్థం చేసుకోవటం నేర్పేది ఆ పద్ధతి రూపాలతోనే. అక్కడ చలరాశులు రెండు కాదు, కోట్లు!

మీరూ చేసి చూడండి

4 ఘనపు మీటర్ల నీరు పట్టే, మూత లేని దీర్ఘచతురస్రపు తొట్టి కట్టాలి. అడుగు 1 × 1, ఎత్తు 4 అయితే అడుగుకూ గోడలకూ కలిపి 17 చదరపు మీటర్ల రేకు కావాలి. అడుగు 1 × 2, ఎత్తు 2 అయితే 14 చాలు. ఇంకా తక్కువ రేకుతో కట్టగలరా? పొడవును కదలకుండా ఉంచి వెడల్పును మార్చండి, తరువాత వెడల్పును ఉంచి పొడవును మార్చండి. జవాబు పూర్ణ సంఖ్యలలోనే వస్తుంది. అది దొరికిన నాడు, కాలేజీ పాఠంలోని మొదటి మెట్టు మీరు ఇప్పుడే ఎక్కేసినట్లు!