మామగారికి ఆయాసం, తమ్ముడికి టపాసుల అంగడి

సమస్య

మేముండేది మదనపల్లెలో. నా పుట్టిల్లు పుంగనూరు, అత్తగారిది కుప్పం దగ్గర పల్లె. దీపావళికి ఇంకా మూడు వారాలుంది, మా ఇంట్లో మాత్రం అప్పుడే గొడవ మొదలైంది.

మా నాయన పుంగనూరులో ఏటా పండక్కి టపాసుల అంగడి పెట్టేవాడు. మిగతా కాలమంతా చిన్న చిల్లర కొట్టు. ఆ నాలుగు రోజుల బేరంతోనే మా కాలేజీ ఫీజులు, అందరికీ కొత్త బట్టలు. అంగడి ఎత్తేశాక అట్టపెట్టెల అడుగున మిగిలిన విడి టపాసుల కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం. తెల్లారకముందే తలంటు, కేదారేశ్వరుని నోముకు అమ్మ చేసే అత్తిరాసాలు, చేతులకంటిన మందు వాసన... నాకు దీపావళి అంటే ఇవే. నాయన పోయాక ఆ అంగడి తమ్ముడు నడుపుతున్నాడు.

మా మామగారు కౌండిన్య అడవి అంచున సేద్యం చేసిన మనిషి. ఏనుగులు చేలమీద పడితే రాత్రుళ్లు టపాసులు కాల్చి తరిమేవారు. ఆయాసం ముదిరాక మా దగ్గరికి వచ్చేశారు. డాక్టర్లు సీఓపీడీ అన్నారు, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు. పోయిన దీపావళి రాత్రి మా వీధంతా పొగ కమ్మేసింది. ఆయన మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ గస పోసుకున్నారు. ఇన్‌హేలర్‌తో తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లి నెబ్యులైజర్ పెట్టించాం. అంత జరిగినా, తిరిగొచ్చేటప్పుడు ఆటోలోంచి మెడ చాచి తారాజువ్వలు చూస్తూనే ఉన్నారు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. టపాసులు కాల్చనని బడిలో ప్రతిజ్ఞ చేసి వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. మొన్న మా తమ్ముడు ఇంటికొస్తే, ‘నువ్వు విషం అమ్ముతున్నావు మామా’ అని మొహం మీదే అనేసింది. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ డబ్బుతోనే మీ అమ్మ డిగ్రీ చదివింది’ అని చెప్పి, కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

మా ఆయనది ఇంకో వాదన. ‘ఏడాదంతా టమోటా లారీలు పొగ వదుల్తుంటే ఎవరికీ పట్టదు. మన పండగ రాగానే అందరికీ ఊపిరాడదు’ అంటారు. ఆ మాట విన్నప్పుడు నిజమేననిపిస్తుంది. రాత్రి మామగారి దగ్గు విన్నప్పుడు అమ్మాయి మాట నిజమనిపిస్తుంది. నాకు ఇప్పటికీ టపాసులంటే ఇష్టమే. ఆ మాట ఎవరితో అన్నా తప్పు చేసినట్టుంది. నేను ఎవరి పక్షాన నిలబడాలి?

– ఒక కోడలు, మదనపల్లె

సలహా

అమ్మా,

మీ ఉత్తరంలో అమ్మాయి మాట్లాడింది, తమ్ముడు మాట్లాడాడు, మీవారు మాట్లాడారు. మామగారి మాట మాత్రం ఒక్కటీ లేదు. గొడవంతా ఆయన ఆయాసం చుట్టూ నడుస్తోంది కదా, ఆయన్ని ఎవరైనా అడిగారా? ఆ సంగతికి చివర్లో వస్తాను. మీ ఇంట్లో మూడు తగాదాలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. ఒకటి ఊపిరిది, ఒకటి పండగ గౌరవానిది, ఒకటి బతుకుతెరువుది. మూడింటికీ కలిపి ఒకే తీర్పు ఇవ్వాలనుకోబట్టే మీకు దారి కనిపించడం లేదు.

ముందు ఊపిరి సంగతి. క్షయకు మందు లేని కాలంలో, మంచి గాలి కోసం రోగులు వెతుక్కుంటూ వచ్చిన ఊరు మీది. 1915లో ఆరోగ్యవరం శానటోరియం తెరిచింది మదనపల్లె పక్కనే. అలాంటి చోట కూడా దీపావళి రాత్రి గాలి చెడుతుంది. అమావాస్య నాటికి రాత్రుళ్లు చల్లబడతాయి. గాలి కదలని రాత్రి నేలను ఆనుకున్న చల్లగాలి పైకి లేవదు, దాంతోపాటు పొగా లేవదు. ఇరుకు వీధుల్లో అది మనిషి ముక్కు ఎత్తులోనే నిలిచిపోతుంది. మనకు ఢిల్లీలా వారాల తరబడి పొగమంచు ఉండదు, నిజమే. కానీ సీఓపీడీ ఉన్న మనిషి పడిపోవడానికి వారాలు అక్కర్లేదు, గంట చాలు. లారీల గురించి మీవారు చెప్పింది అబద్ధం కాదు. అయితే మామగారి ఊపిరితిత్తులు ఏడాది సగటు లెక్క చూసుకోవు. ఆ రాత్రి లోపలికి పోయిందే వాటికి లెక్క.

ఇక ఏది ఎంత పొగ వదులుతుంది అన్నది. ఇక్కడ మన అంచనాలన్నీ తలకిందులు. మనం బాంబుకు భయపడతాం, పసిపిల్లల చేతికి పాముబిళ్ల ఇస్తాం. పుణెలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2016లో ఒక్కో రకాన్నీ కాల్చి, దగ్గర్లో గాలిలోని సన్న ధూళిని, అంటే పీఎం 2.5ను కొలిచారు. అన్నిటికంటే ఎక్కువ వదిలింది చప్పుడే లేని పాముబిళ్ల. ఘనపు మీటరు గాలిలో ధూళి 64,500 మైక్రోగ్రాముల దాకా పోయింది. తర్వాతి స్థానం వెయ్యి టపాసుల సరానిది, 38,540. కాకరొత్తులు 10,390. చిచ్చుబుడ్డి 4,860. ఇవి కాలుతున్న కాసేపట్లో పక్కనే నమోదైన గరిష్ఠాలు, ఊరంతటి లెక్క కాదు. మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టుకున్న హద్దు 60. ఆ అంకెలను ఈ హద్దుతో పోల్చి చూస్తే, వాకిట్లో పిల్లలు పాముబిళ్లలు వెలిగిస్తుంటే అరుగు మీద కూర్చున్న ముసలాయన ఏం పీలుస్తున్నాడో తెలుస్తుంది. చప్పుడు కుక్కలకూ పసిబిడ్డలకూ కొట్టంలో కట్టేసిన ఆవులకూ కష్టం. పొగ మీ మామగారికి కష్టం. రెంటినీ ఒకే గాటన కట్టకండి. మీ ఇంటికి సంబంధించినంతవరకు ముందు పోవాల్సినవి పాముబిళ్లలు, సరాలు.

గ్రీన్ టపాసులని పెట్టె మీద ఉంటే పొగ రాదనుకోవద్దు. సీఎస్ఐఆర్-నీరి పరిశోధన సంస్థ తయారు చేసిన ఆ మిశ్రమాల నుంచి వచ్చే ధూళి మామూలు వాటికంటే కనీసం 30 శాతం తక్కువ ఉండాలన్నది లెక్క. అంటే మిగతాది వస్తూనే ఉంటుంది. ఆరుబయట కాల్చేవాళ్లకు అది మేలే. మూసుకుపోయిన శ్వాసనాళాలున్న మనిషి పక్కన అదీ ఎక్కువే.

రెండోది పండగ గౌరవం. మీవారితో ‘టపాసులు మన సంప్రదాయమే కాదు’ అని వాదించకండి, నెగ్గలేరు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి ఉత్సవంలో బాణసంచా వేడుక చూసి రాసిపెట్టాడు. మన సీమ పండగల్లో మందుగుండుకు అంత పాత చరిత్ర ఉంది. కానీ ‘మన పండగ ఒక్కటే కనిపిస్తుంది’ అన్న మాట చట్టం విషయంలో నిలవదు. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకు అని చెప్పినట్టే, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ రాత్రి 11.55 నుంచి 12.30 వరకే అంది. టపాసుల్లో వాడే బేరియం లవణాలనూ, సరాలనూ వద్దంది. ఆ కేసు మొదలైంది 2015లో, ముగ్గురు పసిపిల్లల తరఫున వాళ్ల తండ్రులు వేసిన పిటిషన్‌తో. తెల్లవారుజామున కాల్చే ఆచారాన్ని కూడా కోర్టు తోసిపుచ్చలేదు. అందుకే కుప్పం పొలిమేర దాటితే తమిళనాడులో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. పండగను ఎవరూ రద్దు చేయలేదు, దానికి వేళ పెట్టారు. డిసెంబరు 31 అర్ధరాత్రి మీ వీధిలో పేలే బాంబుల గురించి కూడా మీవారు ఇంతే గట్టిగా మాట్లాడితే, అమ్మాయి దగ్గర ఆయన మాటకు విలువ పెరుగుతుంది.

మూడోది తమ్ముడి అంగడి. మీ అమ్మాయి చెప్పిందాంట్లో నిజముంది, చెప్పిన తీరులో లేదు. తాను కాల్చనన్నది ఆమె ప్రతిజ్ఞ. ఆ మాట మీద ఆమె నిలబడాలి, మీరు గౌరవించాలి. ఎదుటివాడి పొట్టకూటిని విషమనడం ప్రతిజ్ఞలో లేదు. తన తల్లి చదువు ఏ డబ్బుతో సాగిందో ఆ పిల్లకు కథలా కాకుండా లెక్కలా చెప్పండి. ఫీజు ఎంత, అంగడిలో మిగిలింది ఎంత, సరుకు అమ్ముడుపోని ఏడు మీ నాయన ఎవరి దగ్గర అప్పు చేశాడు. తర్వాత మామకు తనే ఫోన్ చేసి మాట్లాడమనండి. పక్కన కూర్చుని మాటలు అందించకండి.

తమ్ముడికి కూడా చేయాల్సిన పని ఉంది. పాముబిళ్లలు తెప్పించడం మానేస్తే వాడి బేరం మునిగిపోదు. నీరి గుర్తూ క్యూఆర్ కోడూ ఉన్న పెట్టెలే అమ్మమనండి. అంతకంటే ముఖ్యం వాడి ప్రాణం. తాత్కాలిక అంగళ్ల మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి, అవి ఎదురుబొదురుగా ఉండకూడదు, జనముండే కట్టడాలకు 50 మీటర్ల దూరం ఉండాలి అన్నది పేలుడు పదార్థాల నిబంధనల్లోని మాట. 2023 అక్టోబరు 7న హోసూరు దాటగానే వచ్చే అత్తిబెలెలో టపాసుల దుకాణం అంటుకుని పద్నాలుగు మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది పండగ బేరానికి కూలికొచ్చిన కుర్రాళ్లు. పుంగనూరు అంగట్లో మీవాడి పక్కన నిలబడేదీ అలాంటి పిల్లలే. అక్కగా వాడితో పోట్లాడాలనుంటే దీని మీద పోట్లాడండి.

ఇక ఈ దీపావళికి చేయాల్సింది. ఈ వారంలోనే మామగారిని ఛాతీ డాక్టరుకు చూపించండి. పోయినేడు జరిగింది చెప్పి, ఆ రాత్రికి మందు మోతాదు ఏమైనా మార్చాలా, ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా ఆస్పత్రికి రావాలి అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్‌హేలర్ ఖాళీ అయిందేమో పండగ ముందురోజు కాదు, ఇప్పుడే చూడండి. ఆరోజు చీకటి పడకముందే ఆయన గది కిటికీలు మూసేయండి. ఆ గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట ఏదీ వద్దు. తప్పనిసరిగా బయటికి రావాల్సివస్తే ముక్కుకు పట్టే ఎన్95 మాస్క్ పెట్టాలి. తువ్వాలు చుట్టుకుంటే ఈ సన్న ధూళి ఆగదు. అయితే మాస్క్‌తో ఆయనకు ఊపిరాడుతుందో లేదో డాక్టరు చెప్పాకే అది. మర్నాడు పొద్దున వీధిలో కాగితాలన్నీ ఊడ్చి కుప్పపోసి నిప్పు పెడతారు చూడండి, అది రెండో దీపావళి. దాన్ని ఆపడం తేలిక. నీళ్లు చల్లి చెత్తబండికి ఎత్తించండి.

మీ వాకిట్లో ఈసారి ఏదీ వెలిగించకండి. ఇరుగుపొరుగుతో పండగనాడు తగవు పెట్టుకోవడం కంటే ఇప్పుడే వెళ్లి, ఫలానా గదిలో ఆయాసం మనిషి ఉన్నాడు, ఆ వైపు వద్దు అని చెప్పండి. మీవారే వెళ్లి చెప్తే ఇంకా మేలు. పండగ మీద ఆయనకున్న అభిమానం అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట వాళ్లకు పట్టింపుగా వినిపించదు. కాల్చాలనుకున్నవాళ్లు ఊరి బయట మైదానానికి వెళ్లి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని కాల్చుకోండి. ఆ లెక్క మామగారికి తెలిసినంతగా మీ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏనుగుల గుంపు ముందు నిలబడి టపాసు వెలిగించిన మనిషికి గాలివాటు, దూరం, ఎప్పుడు వెనక్కి జరగాలి అన్నది బతుకు నేర్పిన చదువు. మైదానంలో ఎక్కడ పెట్టి వెలిగించాలో అమ్మాయి ముందే ఆయన్ని అడగండి. టపాసుకు పండగ తప్ప వేరే పని కూడా ఉంటుందని ఆ పిల్లకు తెలుస్తుంది.

మీరు టపాసులను ఇష్టపడటం తప్పు కాదు. ఆ ఇష్టానికి ఖర్చు ఇంకొకరి ఊపిరి కాకుండా చూసుకుంటే చాలు. ఒక పక్షాన నిలబడమని మిమ్మల్ని అడగాల్సిన అవసరమే లేదు, మాట్లాడాల్సిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు. ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు, ‘మామయ్యా, ఈ దీపావళికి మీరేం చేద్దామంటారు?’ అని అడగండి. ఆటోలోంచి మెడ చాచి చూసిన మనిషి, మేడమీద అద్దం కిటికీ వెనక కూర్చుని తారాజువ్వలు చూస్తాననవచ్చు. ఆ రెండు రోజులూ కుప్పం పల్లెలో ఉంటాననవచ్చు. అప్పుడు డాక్టరును అడిగి, మందులూ ఆస్పత్రికి బండీ సిద్ధం చేసుకుని పంపండి. అసలు టపాసుల పేరే ఎత్తొద్దని కూడా అనవచ్చు. ఏదన్నా సరే, డాక్టరు ఒప్పుకుంటే ఆయన మాటే ఖాయం. ఆ సంగతి అమ్మాయికీ మీవారికీ ఆయన నోరు తెరవకముందే చెప్పి ఉంచండి.