వేడినీళ్ళలోని మనుమడు

కొన్ని యేండ్ల క్రిందట సైదాబాదులో నొక బాలుడు ఇంగ్లీషు బడిలో చదువుచుండెను. వాడు లెక్కల పరీక్షలో తప్పి, తండ్రితో చెప్పుటకు జంకి, పల్లెలోని తాతగారికి జాబు వ్రాసెను: "తాతయ్యా! నేనిప్పుడు వేడినీళ్ళలో ఉన్నాను. నాన్నతో చెప్పకండి."

పాపము, ఆ వృద్ధుడు మనుమని యొడలు కాలినదనుకొనెను. గాయముల మందు పట్టుకొని రాత్రికి రాత్రియే బస్సెక్కెను. తెల్లవారి వచ్చి చూడగా మనుమడు హాయిగా ఉప్మా తినుచుండెను. "ఓరీ, కుడితిలో పడ్డ ఎలుకవలె ఉన్నానని వ్రాసిన నాకు తెలిసియుండెడిది గదరా!" అని ఆయన నిట్టూర్చెను. ఆ సందడిలో మార్కుల సంగతి తండ్రి చెవిని పడనే పడెను. పెనము మీదినుండి పొయ్యిలో పడుట యనగా నిదియే.

ఈ కడపటి పలుకుబడి ఇంగ్లీషులోను ఇట్లే యున్నది. పెనమును పొయ్యియు లేని వంటయిల్లు ఏ దేశమున నున్నది? 'ఇన్ హాట్ వాటర్' అనునది మాత్రము అట్లు మాటకు మాటగా దిగి రాదు. చిక్కున పడితినని దాని భావము. కుడితి యనగా బియ్యపు కడుగు, తవుడు కలిపి పశువులకు పెట్టు నీరు. అందు పడిన యెలుక జారుడు తొట్టి నెక్కలేదు.

ఎటు పోయినను ఆపదయే యైనప్పుడు ఇంగ్లీషువాడు ఒకవైపు సైతానును, ఒకవైపు లోతైన సముద్రమును చూచును. మన రైతునకు సముద్రముతో పనియేమి? చీకటిలో పొలమునకు పోవువాడు గనుక 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అనెను. 'కరవులో అధికమాసము' మరియు చక్కనిది. సుమారు 32 నెలల కొకసారి పంచాంగమున నొక నెల యెక్కువగును. అసలే గింజలు లేని యింట ఆ నెల గడచు టెట్లు? సైదాబాదు వీధిలోనే ఉర్దూ మాటలాడు పొరుగువారు దీనిని 'కంగాలీ మే ఆటా గీలా' అందురు. పేదయింట నున్న గుప్పెడు పిండియు నీరెక్కువై జారిపోయిన, మరల కలుపుటకు పిండి యెక్కడిది?

ఐతే ఇవి యన్నియు కొంచెము నవ్వుకొనదగిన కష్టములకే తగును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టను బెట్టుకొన్నది. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొనెను. ఎలుకను, పోకచెక్కను ఆ దినమునకు పోల్చుటకు ఎవరికి నోరు వచ్చును? నగరవాసులు దానిని 'తుగ్యానీ' అనిరి. వరద యని మాత్రమే దాని యర్థము.