సభలోని మాట – ఇంటిలోని మేలు

ప్రతి సంవత్సరము మార్చి 8వ తేదీన మహిళా దినోత్సవము జరుపుచుందురు. ఒక యేడు కృష్ణగిరి జిల్లాలోని మన తెలుగు పల్లె యొకదానిలో జరిగిన సభకు మేమును వెళ్ళియుంటిమి. స్త్రీయే శక్తియనియు, దేశమునకు వెన్నెముక యనియు ఒక నాయకుడు గంటసేపు ఉపన్యసించెను. అది ముగియగానే వెనుక కూర్చున్న ముసలమ్మ లేచి, “శక్తి మాట అట్లుండనీ సామీ, మావూరికి నర్సమ్మ దినామూ వచ్చేటట్టు చెయ్యి” అనెను. సభలోని వారందరును నవ్విరి. ఆమె మాత్రము నవ్వలేదు. ఆమె మాటయే నేటి మన పాఠము.

స్త్రీలయెడ గౌరవము ప్రకటించుట ఏ పక్షము వారికిని కష్టము కాదు. ఆ మాటలో నిజమెంతయో తెలిసికొనుటకు మనము మూడు ప్రశ్నలు వేయవలెను. ధనమెంత కేటాయించిరి? అది ఎవరికి అందును? ఎప్పటిలోగా అందును?

మొదట ప్రసూతి సహాయమును చూతము. గర్భవతులకును బాలింతలకును 6,000 రూపాయలకు తక్కువ కాకుండ సహాయము చేయవలెనని 2013వ సంవత్సరపు జాతీయ ఆహార భద్రతా చట్టము చెప్పినది. ప్రభుత్వోద్యోగినులు మొదలైనవారికి వేరు ఏర్పాటు కలదు. 2017లో అమలునకు వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మాత్రము మొదటి బిడ్డకే వర్తించినది. మొత్తము 5,000 రూపాయలు. 2022 నుండి రెండవ బిడ్డ ఆడపిల్లయైనచో 6,000 రూపాయలు ఇచ్చునట్లు చేర్చిరి. రెండవమారు మగబిడ్డను కన్న తల్లికి పోషణము అక్కరలేదా?

ఇక “ఎప్పటిలోగా” అను ప్రశ్న. చట్టసభలలో మూడవ వంతు స్థానములు స్త్రీలకు కేటాయించు 106వ రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదము పొందినది. జనగణనయు, నియోజకవర్గముల పునర్విభజనయు జరిగిన పిమ్మటనే అది అమలు కావలెనని అందులోనే నియమము చేర్చిరి. అందుచేత 2024 సార్వత్రిక ఎన్నికలకు అది వర్తింపలేదు. అడిగినచో ఫలమునూ కలుగును. 2017 జూలైలో శానిటరీ నాప్కిన్లపై నూటికి 12 వంతున పన్ను విధించిరి. స్త్రీలు గట్టిగా ఆక్షేపించిరి. మరుసటి సంవత్సరము జూలైలో ఆ పన్ను తొలగినది.

మాటయు చేతయు ఒకటిగా నున్నవారు లేకపోలేదు. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు 1927లో మదరాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలైరి. తోబుట్టువు క్యాన్సరు వ్యాధితో మరణించుట చూచిన ఆమె, 1954లో అడయారున క్యాన్సరు చికిత్సాలయమును నెలకొల్పిరి. ఆమె పేరనే నేడు తమిళనాట ప్రసూతి సహాయ పథకము నడుచుచున్నది.

మన రాష్ట్రమున 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు ఆలోచింపదగినవి. నూటికి 99కి పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. ఇది ఘనమైన విజయము. కాని 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 53 మందికి రక్తహీనత యున్నట్లు అదే సర్వే చెప్పుచున్నది. దేశమంతట చూచిన 57 మంది; 2015–16లో ఈ సంఖ్య 53. కాన్పు ఒక్క దినపు కార్యము. అందరి కంటను పడును. రక్తము దినదినము తినెడి తిండి వలన కలుగును. అది ఏ వేదికకును కనబడదు. నర్సమ్మ “దినామూ” రావలెనని ముసలమ్మ యడుగుటలోని అర్థమిదియే.

అయితే తప్పంతయు నాయకులదే యనరాదు. మన యిండ్లలో కడపట భోజనము చేయునది ఎవరు? మిగిలినది తినునది ఎవరు? పురుషులు ఈ ప్రశ్న వేసికొనవలెను. రాగి, మునగాకు, పప్పుదినుసులు తల్లికిని బిడ్డకును సమానముగా పెట్టుడు. నిమ్మరసము ఇనుము వంటబట్టుటకు తోడ్పడును. భోజనముతో త్రాగిన టీ దానిని అడ్డగించును. బడిలో వారమునకొకసారి ఇచ్చు ఇనుపమాత్రను బాలికలు పారవేయక మ్రింగవలెను.

మరియొక మాట. సహాయ పథకముల కాగితములు తమిళమున నుండును. మన తల్లులలో పలువురకు తమిళము మాటలాడ వచ్చును గాని చదువ రాదు. రెండు భాషలు నేర్చుచున్న మీరు వాటిని చదివి, తెలుగున విడమరచి చెప్పుడు. తల్లికి రావలసినది రాబట్టుటయే మీ చదువునకు మొదటి ఫలము.

అభ్యాసము

1. మీ యూరి ఆరోగ్య కేంద్రమునకు నర్సు వారమున ఎన్ని దినములు వచ్చుచున్నదో కనుగొని వ్రాయుడు.
2. గర్భవతికి రక్తములో హిమోగ్లోబిన్ 11 గ్రాములకును, ఇతర స్త్రీలకు 12 గ్రాములకును తగ్గినచో రక్తహీనత యందురు. మీ తల్లిగారు ఎప్పుడైన పరీక్ష చేయించుకొనిరా? అడుగుడు.
3. మీరు వినిన ఒక వాగ్దానమును తీసికొని, పై మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాయుడు.