శుక్రవారం రొట్టెకు తడ లెక్కలు

ఇజ్రాయెల్‌లో వయసుమళ్లినవాళ్లను చూసుకునే పనికి తెలుగు ఆడవాళ్లు ఏళ్లుగా వెళ్తున్నారు. నేనూ వెళ్లినదాన్నే. పెతాహ్ తిక్వాలో నేను కనిపెట్టుకున్న పెద్దావిడ దగ్గర యూదుల సబ్బాతు రొట్టె హల్లా చెయ్యడం పట్టుబడింది. తడకు వచ్చాక చేసి చేసి తెలుసుకున్నవి మా కోడళ్ల కోసం రాస్తున్నా.

1. అక్కడి గంటలు ఇక్కడ పనికిరావు. అరకిలో మైదాకు 7 గ్రాముల ఈస్ట్ అంటారు. మా పులికాట్ సరస్సు పక్క ఉక్కలో అంత వేస్తే పిండి ముప్పావుగంటలోనే పొంగి, ఈస్ట్ వాసన తప్ప రుచి మిగలదు. 4 గ్రాములు చాలు. నీళ్లు చల్లవే పోయండి. అంతకన్నా మంచి దారి, గురువారం రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం. శుక్రవారం పొద్దు కుంకేలోపు రొట్టె కాలిపోవాలి. సబ్బాతు, అంటే వాళ్ల విశ్రాంతి దినం, మొదలైతే యూదులు పొయ్యి వెలిగించరు. ఆ గడువు మనకు లేకపోయినా, నెమ్మదిగా పులిసిన పిండికే రుచి.

2. అరకిలోకు 2 గుడ్లు, 60 మి.లీ. నూనె, 60 గ్రాముల చక్కెర, రెండు చిన్న చెంచాల ఉప్పు, సుమారు 150 మి.లీ. నీళ్లు. నీళ్లన్నీ ఒకేసారి గుమ్మరించకండి. చేతికి అంటుతోందని పొడిపిండి చల్లొద్దు, అరచేతికి నూనె రాసుకోండి.

3. "నెయ్యి వెయ్యరాదా అత్తా?" అని అడుగుతారు. మాంసం, పాలు కలిపి తినకూడదని వాళ్ల నియమం. కోడికూర పక్కన ఉండాల్సిన రొట్టె కనుక నూనెతోనే చేస్తారు.

4. మూడు పాయల జడ చాలు. ఆరు పాయలది చూపులకే. బిగించి అల్లితే ఓవెన్‌లో చీలుతుంది. వాళ్ల కొత్త సంవత్సరానికి గుండ్రంగా చుట్టి కిస్‌మిస్ వేస్తారు.

5. గుడ్డు సొన రెండుసార్లు పూసి, 180 డిగ్రీల్లో అరగంట. చక్కెర, గుడ్డు ఉన్నాయి కదా, పైన తొందరగా నల్లబడుతుంది; అప్పుడు రేకు కప్పండి. అడుగున తడితే బోలుగా మోగాలి. మధ్యలో కరెంటు పోతే తలుపు మాత్రం తియ్యకండి.

6. బల్లమీద రెండు రొట్టెలు పెడతారు. ఎడారిలో మన్నా అనే తిండి శుక్రవారం రెండింతలు కురిసిందని గుర్తు. పిండి ఎక్కువగా కలిపినరోజు చిన్న ముద్ద తీసి దీవెన చదివి కాలుస్తారు. నేను యూదురాలిని కాను, ఆ పని చెయ్యను. ఇది చర్చి రొట్టా అని అడిగేవాళ్లకు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులే ఉన్నారని చెబుతా. నమ్మరు.

7. యెమెన్ యూదుల జాఖ్నూన్ రొట్టె శుక్రవారం సాయంత్రం సన్నని వేడిలో పెడితే శనివారం పొద్దునకు గోధుమరంగు తిరుగుతుంది. ఉడికించిన గుడ్డు, టమాటా తురుము, పచ్చిమిర్చి కొత్తిమీర నూరిన కారంతో తింటారు. రాత్రంతా ఓవెన్ అంటే కరెంటు బిల్లు చూసుకోవాలి మరి. అందుకే జాఖ్నూన్ బదులు దాని చెల్లెలు మలవాఖ్ చెయ్యండి: పిండి పలచగా సాగదీసి, కొవ్వు రాసి, మడతలు వేసి పెనం మీద కాల్చడమే. చెన్నై రోడ్డు మీద పరోటా కొట్టే ఏ కుర్రాడైనా ఒక్కసారి చూస్తే చేసేస్తాడు.