మట్టిలో కలిసే ప్లాస్టిక్: కిలో ధర ఒకటే చూస్తే నష్టం

2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదం కోసం మట్టిలో కలిసిపోయే సంచుల విక్రయ కేంద్రం ప్రారంభమైంది. మొక్కజొన్న పిండిపదార్థం ఆధారంగా ఆ సంచులను రూపొందించినది రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ. మూడు నెలల్లో అవి క్షయమవుతాయని అప్పట్లో ప్రకటించారు. 2022 జూన్ 1 నుంచి కొండపై ప్లాస్టిక్ నిషేధం అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, ఫోర్కులు, ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు వంటి వాటి తయారీ, అమ్మకం దేశమంతటా నిషిద్ధమయ్యాయి. కంపోస్టు అయ్యే ప్లాస్టిక్‌కు మాత్రం కేంద్ర నిబంధనలలో మినహాయింపు వుంది. తిరుపతి, చిత్తూరు వర్తకులు ఈ సరుకు లెక్కను తెలుసుకోవలసిన అవసరం అలా ఏర్పడింది.

సంచి వేరు, స్పూను వేరు

సంచికి సాగే గుణం కావాలి. స్పూనుకు గట్టిదనం కావాలి. స్పూన్లు, మూతలు, డబ్బాలు ఇంజెక్షన్ మౌల్డింగ్ సరుకులు. గ్రాన్యూల్స్‌ను కరిగించి, ఒత్తిడితో అచ్చులోకి పంపి, చల్లార్చి బయటకు తీస్తారు. ఈ పనికి ఎక్కువగా వాడే జీవ ప్లాస్టిక్ పి.ఎల్.ఎ. మొక్కజొన్న లేదా చెరకు చక్కెరను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం తీసి, దాని నుంచి దీనిని తయారు చేస్తారు. అమెరికా, థాయిలాండ్, చైనాలలో దీని కర్మాగారాలు వున్నాయి. దిగుమతి సరుకు అయినప్పుడు డాలరు మారకపు రేటు కూడా ధరలో చేరుతుంది.

బరువులో దాగిన ధర

వర్తకులు మొదట గమనించవలసినది సాంద్రత. పాలీప్రొపిలిన్ ఘనసెంటీమీటరుకు 0.90 గ్రాములు తూగితే, పి.ఎల్.ఎ. 1.24 గ్రాములు తూగుతుంది. నాలుగు ఘనసెంటీమీటర్ల స్పూను తీసుకుందాం. వృథాను లెక్కలోకి తీసుకోకపోతే కిలో పాలీప్రొపిలిన్‌కు 277 స్పూన్లు వస్తాయి. కిలో పి.ఎల్.ఎ.కు వచ్చేవి 201 మాత్రమే. రెండింటి కిలో ధర సమానమైనా స్పూనుకు పడే ముడిసరుకు ఖర్చు సుమారు 38 శాతం ఎక్కువ. ముడిసరుకు ధర కూడా ఎక్కువైతే తేడా ఇంకా పెరుగుతుంది. కనుక బేరం కిలో మీద కాక, వెయ్యి స్పూన్ల మీద కుదుర్చుకోవడం క్షేమం.

యంత్రం పాతదే, పద్ధతి కొత్తది

పాలీప్రొపిలిన్ యంత్రంపైనే పి.ఎల్.ఎ.ను పోయవచ్చు. కాని తడి దీనికి శత్రువు. గ్రాన్యూల్స్‌లో తేమ 0.025 శాతానికి, అంటే టన్నుకు పావు కిలో నీటికి, మించకూడదు. మించితే కరిగే వేడిలో పదార్థం బంధాలు తెగి సరుకు పెళుసవుతుంది. అందువల్ల పొడిగాలి డ్రయ్యరు అవసరం. బస్తా విప్పి వుంచితే వానాకాలంలో నష్టం తప్పదు.

చల్లారినప్పుడు పాలీప్రొపిలిన్ ఒకటి నుంచి రెండు శాతం కుదించుకుంటుంది. పి.ఎల్.ఎ. అర శాతం లోపే. పాత అచ్చులో పోసిన మూత డబ్బాకు సరిపోకపోవచ్చు. తుక్కును కూడా విడిగా వుంచాలి. ఇది పాలీప్రొపిలిన్ తుక్కులో కలిస్తే ఆ లాటు నాణ్యత దెబ్బతింటుంది.

వేడి మరో చిక్కు. మామూలు పి.ఎల్.ఎ. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. వేడి సాంబారుకు, కాఫీకి పనికిరాదు. వేడికి తట్టుకొనే రకాలు వున్నాయి గాని, వాటికి అచ్చును వేడిగా వుంచాలి. ఒక్కొక్క పోతకు సమయం ఎక్కువ పడుతుంది. వేసవిలో రేకుల గోదాములో, ఎండలో నిలిచిన లారీలో మామూలు రకం సరుకు వంకర పోయే ప్రమాదం వుంది.

దేనికి తగును, దేనికి తగదు

మదనపల్లె టమాటా మార్కెట్టుకు వచ్చే క్రేటు ఎన్నో పంటలకు తిరిగి వాడుకొనే వస్తువు. బ్యాటరీ పెట్టె ఏళ్ల తరబడి ఆమ్లాన్ని మోయాలి. ఇలాంటి వాటికి మట్టిలో కలిసే గుణం లాభం కాదు, లోపం. ఆహారం అంటుకొని, కడిగి తిరిగి కరిగించడానికి వీలు లేని చిన్న వస్తువులకే ఈ సరుకు తగినది.

అక్కడ కూడా ఒక షరతు వుంది. పి.ఎల్.ఎ. పెరటి మట్టిలో త్వరగా కరగదు. సుమారు 58 డిగ్రీల వేడి, తేమ వుండే కంపోస్టు కేంద్రంలోనే నెలల్లో క్షయమవుతుంది. వాడిన సరుకును అటువంటి కేంద్రానికి చేర్చే ఏర్పాటు లేని ఊళ్లో కొనుగోలుదారుకు పెద్ద మాటలు చెప్పడం మంచిది కాదు.

కాగితాలు ముఖ్యం

కంపోస్టు అయ్యే సరుకు తయారుచేసేవారు, అమ్మేవారు ముందుగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం పొందాలి. సరుకు ఐ.ఎస్./ఐ.ఎస్.ఓ. 17088 ప్రమాణానికి సరిపోవాలి. సంచుల తయారీదారు పేరు, ధ్రువపత్రం నంబరు తెలుసుకొనే వీలు వుండాలి. మామూలు ప్లాస్టిక్‌లో రసాయనం కలిపి ముక్కలుగా చిట్లేలా చేసిన సరుకు ఈ కోవలోకి రాదు. ముక్కలు కంటికి కనిపించకపోవచ్చు గాని, అవి ప్లాస్టిక్‌గానే మిగులుతాయి.

ఆర్డరు ఇచ్చే ముందు నాలుగు విషయాలు తేల్చుకోవాలి: వెయ్యింటికి ధర ఎంత, ఎంత వేడికి తట్టుకుంటుంది, గోదాములో ఎన్నాళ్లు నిలుస్తుంది, ధ్రువపత్రం ఎవరి పేరున వుంది. ఈ నాలుగవదానికి జవాబు రాకపోతే మిగతా మూడూ ఎంత బాగున్నా ఆ సరుకును దించుకోకపోవడమే మేలు. నిషిద్ధ సరుకుగా తేలితే స్టాకు స్వాధీనమవుతుంది, పెట్టుబడి పోతుంది.